పాప బొమ్మల కింద పుర్రెలు

నేను చదివింది నాలుగో తరగతి దాకా. ఐదులో పేరు రాయించారు గానీ చెల్లిని ఎత్తుకోవడానికి ఇంట్లోనే ఉండిపోయాను. ఇంత పొడుగు ఎప్పుడూ రాయలేదు. ముందు చెప్పాల్సింది వెనక వస్తే చదివేవాళ్ళు సర్దుకోవాలి. జరిగింది మాత్రం జరిగినట్టే రాస్తాను.

మా ఊళ్ళో నేను దుబాయ్‌లో ఉన్నానంటారు. దుబాయ్ కాదు, అల్ ఐన్. మా గోదావరి వైపు వాళ్ళకి ఆ దేశాలన్నీ దుబాయే. అల్ ఐన్‌లో ఒక అరబ్బుల ఇంట్లో పని. ఇంటి వెనక ఖర్జూరం తోట, తోటలో పాకిస్తానీ మనుషులు, ఇంట్లో నేను. వంట చేయాలి, ఇల్లు తుడవాలి, అన్నిటికన్నా ముందు పాపను చూసుకోవాలి. నేను ఆ ఇంటికి వెళ్ళేసరికి పాపకి ఇంకా పళ్ళు రాలేదు. అన్నం మెత్తగా పిసికి నోట్లో పెట్టింది నేను. మొదటి అడుగు వేసింది నా చీర కుచ్చిళ్ళు పట్టుకుని. నాకూ పిల్లలున్నారు, వాళ్ళ మొదటి అడుగులు చూసింది మా అత్తగారు. అందుకని ఈ పిల్లవి నేను ఒక్కటీ వదలకుండా చూశాను.

కరోనా వచ్చి బళ్ళు మూసేశారు. పాప అప్పటికి పెద్దదయింది. క్లాసులన్నీ ట్యాబ్‌లోనే. మేడమ్‌కి ఆఫీసు పని. మేడమీద గది తలుపు వేసుకుని పొద్దున్నుంచి కంప్యూటర్‌లో మాట్లాడుతూనే ఉండేది. సార్, అంటే పాప నాన్నగారు, ఉద్యోగం మీద ఎక్కువగా వేరే ఊళ్ళోనే. కింద పెద్దమ్మగారు, అంటే మేడమ్ అత్తగారు. ఎదురుగా మామా అని పిలిచేదాన్ని, వాళ్ళ మాటలో అమ్మ అని. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కేవారు కాదు.

ఒకరోజు మేడమ్ నన్ను పిలిచి చెప్పింది.

"పాప పక్కన కూర్చో. క్లాసు అయిపోయాక కూడా ట్యాబ్ వదలడం లేదు. ఎవరితో మాట్లాడుతోందో చూడు. చెడ్డది ఏదైనా కనిపిస్తే నాకు చెప్పు."

"నాకు ఇంగ్లీష్ రాదు కదా మేడమ్."

"ఇంగ్లీష్ ఎందుకు? ఆ పిల్లని పెంచింది నువ్వు. ఏదైనా తేడా వస్తే నీకు తెలియదా?"

మా ఇద్దరి మాటలూ అరబీలోనే. నాది వంటింటి అరబీ, ఉప్పు పప్పు దాకా బాగా వస్తుంది. కాదనడం రాలేదు. సరేనన్నాను. మేడమ్ వెళ్తూ వెళ్తూ ఇంకో మాట అంది. "ఏదైనా జరిగితే నిన్నే అడుగుతాను."

కోపంగా అనలేదు. కానీ అంతకుముందే మా వీధిలో పనిచేసే ఒకావిడని ఊరికి పంపేశారు. ఆ ఇంటి పిల్లాడు ఆటలో ఎవరో పెద్దవాడితో మాట్లాడుతుంటే ఆవిడ పక్కనే కూర్చుని బట్టలు మడతపెడుతోందట. ఆవిడ ఏడ్చుకుంటూ వెళ్ళింది. నన్నూ అలా పంపేస్తే పాపని మళ్ళీ చూడను. ఆ ఒక్క భయం మాత్రం ఆ రోజు నుంచి నన్ను వదల్లేదు.

పాప బొమ్మలు వేసేది. మనుషుల బట్టలు వేసుకున్న పిల్లులు. టీ అమ్మే పిల్లి, ట్రాఫిక్ పోలీసు పిల్లి, నమాజుకి ఆలస్యమై పరిగెత్తే పిల్లి. వాటిని ట్యాబ్‌లోనే వేసి అందులోనే పైకి పంపేది. ఎక్కడెక్కడి పిల్లలో చూసి కింద మాటలు రాసేవాళ్ళు. ఎక్కువమంది అమెరికా వాళ్ళే అని పాప చెప్పింది. పాప కూడా వాళ్ళలాగే మాట్లాడడం నేర్చుకుంది. నోట్లో చూయింగ్ గమ్ పెట్టుకున్నట్టు మాట. నేను పక్కన కూర్చుని కొత్తిమీర ఒలుస్తూ తెర వంక చూసేదాన్ని. చీమల బారు పోతున్నట్టు అక్షరాలు పైకి పోయేవి. ఏం చూసినట్టు? ఏమీ చూడనట్టే.

మా డ్రైవర్ జగిత్యాల వైపు అతను. నన్ను అక్కా అంటాడు. నా బాధ చెబితే నవ్వాడు.

"గింతేనా అక్కా? నీ ఫోన్ల కెమెరా ఉన్నది గద. గా ట్యాబ్ మీద పెట్టు. ఇంగ్లీష్ పోయి తెలుగు వస్తది."

"నిజంగానా తమ్ముడూ?"

"నేను మందుల డబ్బాలు గట్లనే సదువుత. ముదీర్, గదే మేనేజర్, కాయితం ఇచ్చినా గట్లనే. యల్లా, ఇటియ్యి, సూపిస్త."

చూపించాడు. ఆ మర్నాడు పాప నీళ్ళు తాగడానికి లేచినప్పుడు నేను ఫోన్ తీసి ట్యాబ్ మీద పెట్టాను. ఇంగ్లీష్ వణికి వణికి తెలుగైంది. నాకు సంతోషమేసింది. తెలుగైతే కూడబలుక్కుని చదువుతాను కదా.

టీ అమ్మే పిల్లి కింద ఇలా ఉంది: నోరు మూసుకో. ఇది జబ్బుగా ఉంది. నేను నేల మీద పడి ఉన్నాను. నువ్వు నన్ను ఎందుకు చంపావు. నువ్వు తిన్నావు, చిన్న ముక్క కూడా మిగల్చలేదు.

నేను మళ్ళీ చదివాను. పాప ఎవరినీ ఏమీ చేయలేదు. పొద్దున్న తిన్నది సగం రొట్టె. ఎవరి ముక్క తినేసిందని ఈ తిట్లు?

కొత్తిమీర అక్కడే వదిలేసి మేడమీదకి పరిగెత్తాను. మేడమ్ ఫోన్ చూసి మొదట అర్థం కాక, తర్వాత నా వెంట కిందకి వచ్చి ట్యాబ్ చూసి, నవ్వింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"మెచ్చుకుంటున్నారు. బొమ్మ చాలా బాగుందని."

"చంపావు అన్నారు మేడమ్."

"అదే. అంత బాగుందని."

"నోరు మూసుకో అన్నారు."

"అది కూడా మెచ్చుకోవడమే. అమెరికా పిల్లలు అలాగే మాట్లాడతారు."

పాపకి కోపమొచ్చింది. నా మీద గూఢచారి పని చేస్తున్నావా అని అరబీలో అరిచి, సాయంత్రానికి తనే వచ్చి నా ఒళ్ళో తల పెట్టుకుంది. నేను చదవొచ్చు గానీ మేడమ్‌కి చెప్పకూడదని బేరం పెట్టింది. నేను ఒప్పుకోలేదు, కాదని కూడా అనలేదు.

రెండోసారి నేను వెళ్ళింది 'నిన్ను తీసుకెళ్ళి బయట పడేయాలి' అనేలాంటిది ఏదో వచ్చినప్పుడు. మేడమ్ మీటింగ్‌లో ఉంది. చెవుల్లోంచి తీగ తీసి, గొంతు తగ్గించి అంది.

"ప్రతిదానికీ రాకు. నిజంగా చెడ్డది వస్తేనే రా."

"నిజంగా చెడ్డది ఏదో నాకెలా తెలుస్తుంది మేడమ్?"

"తెలుస్తుందిలే. ఖలాస్, ఇప్పుడు వెళ్ళు."

తలుపు మూసింది. నేను మెట్ల మీద కూర్చుండిపోయాను. చంపుతాననడం మెచ్చుకోవడమైతే, నిజంగా చంపుతాననే వాడు ఏమంటాడు? వాడూ అదే మాట అంటాడు కదా. రెండిటినీ నేనెలా విడదీయాలి? బియ్యంలో రాళ్ళేరడం వచ్చు నాకు. బియ్యమే రాళ్ళలా ఉంటే ఏం ఏరాలి?

ఇంకోటి కూడా ఉంది. మా ఇళ్ళల్లో అశుభం మాట నోటితో అననివ్వరు. డబ్బాలో బియ్యం అయిపోతే అయిపోయాయి అనకూడదు, నిండుకున్నాయి అనాలి. దీపం ఆరిపోతే కొండెక్కింది అనాలి. గుమ్మం దిగేటప్పుడు వెళ్తున్నా అంటే మా అమ్మ వెనక్కి పిలిచి వెళ్ళొస్తా అనిపించేది. చిన్నప్పుడు నేను విసుగొచ్చి చచ్చిపోతున్నానే అమ్మా అంటే మూతి మీద కొట్టింది. పైన ఎవరో తథాస్తు అంటారట. చర్చికి వెళ్ళే ఇల్లే మాది, అయినా తథాస్తు భయం పోలేదు. చెడ్డదాన్ని కూడా మంచి మాట తొడిగి చెప్పడం అలవాటైన దాన్ని నేను. ఈ అమెరికా పిల్లలేమో మంచిదానికి చావు మాట తొడుగుతున్నారు. మేడమ్‌కి అది నవ్వు. నాకు మాత్రం చదివిన ప్రతిసారీ అమ్మ చెయ్యి మూతి మీద పడ్డట్టుండేది.

ఎండలు ముదిరాక పాప ఒక బొమ్మ వేసింది. అరబ్బు మగాళ్ళ పొడుగు తెల్ల కందూరా వేసుకున్న ముసలి పిల్లి, వాళ్ళ కాఫీ గావా పోస్తూ పోస్తూ కునుకుతుంది, గావా కప్పు నిండి, తివాచీ నిండి, ఎడారి నిండి, చివరికి ఒంటె ఈదుకుంటూ వస్తుంది. కదిలే బొమ్మ అది. నాకూ నవ్వొచ్చింది. ఆ బొమ్మని ఎంతమంది చూశారో లెక్కలేదు. పాప గదిలో గంతులేసింది.

ఆ బొమ్మ కిందే పుర్రెలు వచ్చాయి. మాటలు కాదు, పుర్రెలే. మా ఊళ్ళో కరెంటు స్తంభానికి రేకు మీద కొట్టి ఉంటుందే, పురుగుమందు డబ్బా మీద ఉంటుందే, ఆ పుర్రె. ఒకడు ఒకటి పెడితే ఇంకొకడు వరస పెట్టాడు. కింద ఎంత జరిపినా పుర్రెలే. దీనికి కెమెరా పెట్టాల్సిన పని కూడా లేదు.

"ఇవేంటే?" అన్నాను. నేను పాపతో ఒక్కోసారి తెలుగు కలిపేస్తాను. దానికి అర్థమవుతుంది.

"నవ్వు," అంది పాప.

"పుర్రె నవ్వా?"

"నవ్వి నవ్వి చచ్చిపోయామని."

"ఎవరు చచ్చిపోయారు?"

"అందరూ."

"నువ్వూనా?"

"నేను ఎప్పుడో పోయాను," అని పాప నాలుక బయటపెట్టి మంచం మీద వెనక్కి పడిపోయింది.

నేను దాని నోటి మీద చెయ్యి పెట్టాను. అది నా చెయ్యి కొరికి నవ్వింది. అక్కడితో అయిపోయుంటే ఈ కథ లేదు.

ఆ వారంలోనే పాప తిండి మానేసింది. తలనొప్పి అంది, కడుపులో తిప్పుతోందంది. ముక్కులో పుల్ల పెట్టి చూశారు, కరోనా లేదన్నారు. ఎండల వల్ల అన్నారు. పరీక్షల భయమన్నారు. పాప దుప్పటి కప్పుకుని ట్యాబ్‌తో పడుకునేది. నిద్రపోయినప్పుడు నేను కెమెరా పెట్టి చూశాను. ఈసారి రాసింది పాపే. 'నేను ఉడికిపోయాను. ఇక నా వల్ల కాదు. నన్ను ఇక్కడే పాతిపెట్టండి.' దాని కింద మళ్ళీ పుర్రెలు.

మేడమ్ దగ్గరికి వెళ్ళాలనుకున్నాను. మెట్ల మధ్యలో ఆగిపోయాను. ఇది నిజమా, వాళ్ళ మాటలా? వాళ్ళ మాటలైతే మూడోసారి నవ్వులపాలు. నిజమైతే, చెప్పలేదని నన్నే అడుగుతారు. వెనక్కి వచ్చి పాప మొహం చూస్తే పాలిపోయి ఉంది, పెదవి చివర మాత్రం నవ్వుంది.

పక్క వీధిలో పని చేసే వదిన మా మండలం మనిషే. వరస కలుపుకుని వదిన అంటాను. ఆవిడకి ఫోన్ చేశాను.

"పుర్రెలేంటే? కరెంటు తంబం మీద పుర్రెలా?"

"అవే వదినా. వరసగా పెట్టారు. కాలవకి గట్టేసినట్టు."

"ఆడపిల్ల బొమ్మ కిందా? ఆళ్ళ చేతులిరగ. అయితే దిట్టే. ఇంకేం జొరం కాదు, దిట్టి."

"నవ్వడానికి పెడతారంట."

"నవ్వుతా పెడితే కళ్ళు పడవా? మా పెద్దోడికి బారసాలలో దిట్టి పెట్టినోళ్ళందరూ నవ్వుతానే ఉన్నారు. ఎంతమంది చూసేరన్నావు?"

"లెక్కలేదంది."

"అమ్మబాబోయ్. అన్ని కళ్ళే? ఊరు ఊరంతా చూత్తేనే పిల్ల ముడుచుకుపోద్ది, ఇది దేశాలు దేశాలు చూసింది. తీసెయ్యి, ఇయ్యాలే తీసెయ్యి."

"మిరపకాయలు మండిస్తే పొగొచ్చి పైన గంట మోగుద్ది వదినా, వంటింట్లో."

"అయితే మూట గట్టి నాలుగు దార్ల కాడ పడేసి రా."

"గేటు దాటనివ్వడం లేదుగా, కరోనాకి."

"నీకన్నీ అడ్డాలే," అని విసుక్కుంది వదిన. "మూట గట్టి పిల్ల తలకింద ఉంచు. ఎవరైనా బయటికెళ్ళేటప్పుడు పారే నీళ్ళలో ఏయించు."

నాకు ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందంటే, కళ్ళు పడతాయని ఆ ఇంట్లోనూ నమ్ముతారు. పాపకి జ్వరమొస్తే పెద్దమ్మగారు బొగ్గుల మీద పటిక వేసి దాని చుట్టూ తిప్పించేవారు. ఆ బొగ్గులు రాజేసి ఇచ్చేది నేనే. వాళ్ళు పటిక, మేము మిరపకాయలు, అంతే తేడా అనుకున్నాను.

మధ్యాహ్నం పాప నిద్రపోతుండగా తీశాను. మా అమ్మ ఎలా తీసేదో అలాగే. గుప్పెట్లో రాళ్ళుప్పు, ఎండు మిరపకాయలు, గుమ్మం దగ్గర దుమ్ము, దువ్వెనకి ఉన్న పాప వెంట్రుకలు. తల చుట్టూ తిప్పి, కాళ్ళ దాకా దించి, ఆ కన్ను ఈ కన్ను అని నోట్లో అనుకున్నాను. అమెరికా కన్ను కూడా అన్నాను. మా అమ్మ ఆ మాట అనలేదు, నేను కలిపాను. నా నల్ల చున్నీ చివర చింపి మూట కట్టి పరుపు కింద పెట్టాను. మర్నాడు డ్రైవర్‌కి ఇచ్చి తోటల్లో పారే కాలవలో వేయించాలి.

మర్నాడు డ్రైవర్ రూములో ఒకతనికి కరోనా వచ్చిందని డ్రైవర్‌ని గదిలోనే ఉండమన్నారు. మూట పరుపు కిందే ఉండిపోయింది. పాప మాత్రం ఆ పూట లేచి రొట్టె, గుడ్డు తింది. ఇంకో రొట్టె అడిగింది. నేను వంటింట్లోకి వెళ్ళి గోడకి ఆనుకుని కాసేపు నిలబడ్డాను. ఆ కొన్ని రోజులు నాకు ఎవరి భయమూ లేదు.

మూట పాపకే దొరికింది. ఛార్జర్ తీగ పరుపు సందులో పడితే చెయ్యి పెట్టి తీసింది. విప్పి చూసి నన్ను పిలిచింది. భయపడుతుందనుకున్నాను, భయపడలేదు.

"ఇది నువ్వు చేశావా? ఎందుకు?"

"ఆ పుర్రెలన్నీ నీ మీద పడకుండా."

పాప నా వంక చూసింది. తర్వాత గట్టిగా కావలించుకుంది. ఇంగ్లీష్‌లో తనలో తనే ఏదో అనుకుంది, వెంటనే మూటని మంచం మీద పరిచి ఫోటో తీసింది. వద్దన్నాను. ఆ ఫోటో తీసేయమన్నాను.

"అందరికీ నచ్చుతుంది. చూడు," అంది.

నచ్చింది. పైకి పంపిన ఆ ఫోటో కింద ఏం రాశారో నేను తర్వాత కెమెరా పెట్టి చదివాను. 'ఆమెను వండనివ్వండి' అని ఒకడు రాశాడు. ఉప్పూ మిరపకాయలూ చూసి వంట అనుకున్నాడేమో పాపం అనుకున్నాను. 'ఈమె ఆటలాడదు' అని ఇంకొకరు. మిగతా అంతా పుర్రెలే. నేను పాపకి దూరంగా పారేద్దామనుకున్నవి, నా మూట చుట్టూ వచ్చి కూర్చున్నాయి.

అవి చూసినవాళ్ళలో పాప బాబాయి కూతురు కూడా ఉంది. ఆ పిల్ల వాళ్ళమ్మకి చూపించింది. ఆవిడ పెద్దమ్మగారికి ఫోన్ చేసింది.

నన్ను హాల్లోకి పిలిచారు. పెద్దమ్మగారు సోఫా మీద, మేడమ్ నిలబడి. మధ్యలో బల్ల మీద ఇత్తడి పళ్ళెం, పళ్ళెంలో నా మూట. పెద్దమ్మగారు దాన్ని చేత్తో ముట్టుకోలేదు. చేతికర్రతో చూపించారు.

"జుట్టు ఎవరిది?"

"పాపది."

"జుట్టు ఎందుకు తీసుకున్నావు?"

"దువ్వెనకి ఉన్నదే మామా. కత్తిరించలేదు."

"నల్లగుడ్డలో జుట్టు కట్టి పరుపు కింద పెట్టేది ఎవరో నాకు తెలుసు," అన్నారు పెద్దమ్మగారు. చేతికర్రని ఒళ్ళోకి లాక్కున్నారు. అప్పటిదాకా ఆవిడ నన్ను చూసి భయపడుతున్నారని నాకు తెలియలేదు. కోపమే అనుకున్నాను.

మేడమ్ నెమ్మదిగా అడిగింది. "ఎవరు చెబితే చేశావు?"

"మా అమ్మ చేసేది. కళ్ళు తగిలితే తీస్తాం. మీ పటికలాగే. పాప తినడం లేదు. వాళ్ళు పుర్రెలు పెట్టారు. పాతిపెట్టండి అని పాప రాసింది. మీరు నిజంగా చెడ్డది వస్తేనే రమ్మన్నారు. నాకు తెలియలేదు మేడమ్, అది నిజమో కాదో."

అరబీలో ఇంత పొడుగు మాట నేనెప్పుడూ మాట్లాడలేదు. సగం మాటలు దొరకలేదు. పుర్రెకి అరబీ ఏంటో తెలియక నా తల మీద వేలితో కొట్టి, దవడ చూపించి, చచ్చిన తల అన్నాను. పెద్దమ్మగారు ఆ వేలు చూసి ఇంకా వెనక్కి జరిగారు. మనవరాలికి చచ్చిన తల అంటున్నానని అనుకున్నారు. ఎంత చెబితే అంత దూరం అవుతున్నాను.

పాప గదిలోంచి వచ్చింది. వాళ్ళమ్మకి ట్యాబ్ చూపించి గబగబా ఇంగ్లీష్‌లో చెప్పింది. మేడమ్ చూసింది, చదివింది, కణతలు పట్టుకుంది. నవ్వలేదు ఈసారి. పెద్దమ్మగారికి అరబీలో చెప్పబోయింది. పుర్రె అంటే నవ్వు అని, ఉడికిపోయానంటే పరీక్ష బాగా రాయలేదని, పాతిపెట్టండి అంటే సిగ్గేసిందని. పెద్దమ్మగారు మొత్తం విన్నారు.

"చావంటే నవ్వని నీ కూతురు చెబుతోంది," అన్నారు. "జుట్టు కట్టడమంటే ప్రేమని ఇది చెబుతోంది. నేను ముసలిదాన్ని. ఈ రెండూ నన్ను నమ్మమంటారా?"

మేడమ్ ట్యాబ్ మూసేసింది. ఆవిడ అడిగింది తప్పని ఇప్పటికీ అనలేను.

ఒక పెద్దాయన వచ్చి పాప గదిలో ఖురాన్ చదివి, మూటని నీళ్ళలో నానబెట్టి విప్పి పారబోశారు. చేతబడి చేసిందని పోలీసుల్ని పిలుస్తారేమోనని నేను తిండి మానేశాను. ఎవరూ ఆ మాట ఎత్తలేదు. కానీ పాప గదిలోకి వెళ్ళొద్దన్నారు. దాని అన్నం పళ్ళెం తలుపు బయట పెట్టి వచ్చేదాన్ని. ఫోన్‌లో వదినకి చెప్పుకుంటే, "నేనేదో మంచికే చెప్పేనే," అని ఏడ్చింది. నేనే ఆవిడని ఊరుకోబెట్టాల్సి వచ్చింది.

చివరికి మేడమ్ నా గదికి వచ్చింది. అన్నేళ్ళలో ఆవిడ నా గది గుమ్మం లోపలికి రావడం అదే మొదలు. మంచం మీద కూర్చోమంటే కూర్చోలేదు.

"నువ్వు చెడు చేయవని నాకు తెలుసు. కానీ ఆవిడకి నిద్ర పట్టడం లేదు. మా అక్క ఇల్లు దూరం, మఫ్రఖ్ ఊరు దాటాక. వాళ్ళ పిల్లలు చిన్నవాళ్ళు. వీసా అక్కడికి మార్పిస్తాం."

"పాపకి చెప్పారా మేడమ్?"

"చెప్పాను." గుమ్మం వైపు తిరిగి అంది, "పాపకి ఫోన్ చేయకు. మెసేజ్ కూడా వద్దు. ఆవిడకి మాటిచ్చాను. నువ్వు నాకు ఇవ్వు."

ఇచ్చాను. ఇవ్వక ఏం చేయను? ఊరికి పంపేయలేదు, అదే గొప్ప అని వదిన అంది. గొప్పే.

వెళ్ళే రోజు డ్రైవర్ సంచులు డిక్కీలో పెట్టాడు. మేడమ్ సెంటు సీసా ఒకటి చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. పెద్దమ్మగారు వాకిట్లో కుర్చీలో ఉన్నారు. నేను దగ్గరికి వెళ్ళి వెళ్ళొస్తా మామా అన్నాను. అలవాటుగా వచ్చేసింది. రాకూడదనే కదా పంపుతున్నారు. ఆవిడ తల ఊపారు.

కారు ఎక్కాక పాప పరిగెత్తుకుంటూ వచ్చింది, చెప్పులు కూడా లేకుండా. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి నాతో అరబీలోనే మాట్లాడింది. ఆ రోజు ఒకసారి వెనక్కి తిరిగి నాయనమ్మ వంక చూసి, కిటికీలోంచి తల లోపలికి పెట్టి, ఇంగ్లీష్‌లో మొదలుపెట్టింది. నాయనమ్మకి అర్థం కాకూడదని. గబగబా చెప్పింది, చాలాసేపు చెప్పింది. ఏడ్చింది, మధ్యలో నవ్వింది, నా చున్నీతో ముక్కు తుడుచుకుంది, మళ్ళీ చెప్పింది. నేను అన్నిటికీ ఊఁ అన్నాను. ఫోన్ సంచిలో, సంచి డిక్కీలో. తీసి ఆ మాటలు రికార్డు చేయాలని తోచనే లేదు.

పెద్దమ్మగారు పిలిచారు. పాప తల వెనక్కి తీసుకుంది. కారు కదిలింది.

తోటలు దాటి పెద్ద రోడ్డెక్కాక డ్రైవర్‌ని అడిగాను.

"ఏమంది తమ్ముడూ?"

"సమజ్ కాలేదక్కా."

"నీకు ఇంగ్లీష్ వచ్చుగా."

"సార్ మాట్లాడితే సమజైతది. గా పిల్లది అమెరికాది. ఒక్క తీరుగ ఉండది."

"కొంచెమైనా తెలియలేదా?"

డ్రైవర్ చాలాసేపు ఆలోచించాడు. నన్ను బాధపెట్టడం ఇష్టం లేక ఆలోచిస్తున్నాడో, నిజంగానే గుర్తు తెచ్చుకుంటున్నాడో తెలియదు.

"నువ్వు అని అన్నది, మస్తుసార్లు. నేను అన్నది."

"ఇంకా?"

"గంతే అక్కా. నడుమల మాటలే సమజ్ కాలేదు."

పాపని అడిగితే చెప్పేది. కానీ మాటిచ్చాను కాబట్టి అడగలేదు. ఇప్పటిదాకా అడగలేదు.